సబ్బు మార్చండి, సీరం సంగతి తర్వాత

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. అనంతపురం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. రోజూ పొద్దున, సాయంత్రం స్కూటీ మీద అరగంట ప్రయాణం. ఏడాదిగా నెలసరి సరిగా రావడం లేదు. అప్పట్నుంచే ముఖం బాగా పొడిబారింది. సబ్బుతో కడగ్గానే బిగుసుకుపోతుంది, పౌడర్ వేస్తే పొలుసుల్లా తేలుతుంది. కళ్ల పక్కన, పెదాల పైన గీతలు వచ్చాయి. బుగ్గల మీద మంగు ఉంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట నల్లబడుతోంది. ఇన్నాళ్లూ నేను వాడింది సబ్బు, పౌడర్, చలికాలంలో వాజ్‌లైన్, ఆదివారాలు శనగపిండిలో పసుపు, నిమ్మరసం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి విటమిన్ సి సీరం, నియాసినమైడ్ సీరం పంపింది. రెండూ మంటే. మందుల షాపు అతను ఇచ్చిన ట్యూబు రాస్తే మాత్రం వారంలో ముఖం నిగనిగలాడింది. మానేస్తే ఎర్రబడి దురద పెడుతోంది. అందుకే మూడు నెలలుగా వదల్లేకపోతున్నాను. కువైట్ నుంచి మా ఆడపడుచు తెచ్చిన క్రీమ్ ఒకటి ఉంది, ఇంకా తెరవలేదు. నెలకు 800 రూపాయలు దాటి పెట్టలేను. మా ఆయనేమో "ఈ వయసులో సోకులెందుకు?" అంటారు. ఏది కొనాలి, ఏది మానాలి?
— ఒక టీచర్, అనంతపురం

సమాధానం: టీచరు గారూ, ఏం కొనాలో తర్వాత చెబుతాను. ముందు ఆ ట్యూబు సంగతి తేల్చుకోవాలి. అది తేలకుండా ఎంత మంచి క్రీమ్ కొన్నా, ఎంత ఖర్చు పెట్టినా ముఖం కుదుటపడదు.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు కళ్లజోడు పెట్టుకుని చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూఓసినోలోన్ — వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్ క్రీమ్. మీరు రాసిన లక్షణాలు చూస్తే ఏదో ఒక పేరు కనబడుతుందనే నా అనుమానం. పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని కూడా ఉంటే అది మూడు మందుల మిశ్రమం. ఆ మిశ్రమం చెడ్డ మందేమీ కాదు. మంగుకి చర్మవ్యాధుల డాక్టర్లే రాస్తారు. కాకపోతే కొన్ని వారాలు వాడించి ఆపేస్తారు. మన దగ్గర అది తెల్లబడే క్రీమ్‌లాగా నెలల తరబడి చేతులు మారుతోంది.

స్టెరాయిడ్ చర్మంలోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపునీ ఎరుపునీ అణచేస్తుంది. అందుకే మొదటి వారం ముఖం అద్దంలా కనిపిస్తుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్రటి నరాలు తేలతాయి, నలభై దాటాక కూడా మొటిమలు వస్తాయి, పెదాల పైన నూగు పెరుగుతుంది. మానేస్తే అణగి ఉన్నదంతా ఒక్కసారి ఎగదన్నుతుంది. మానగానే మీకు ఎరుపూ దురదా వస్తున్నాయంటే ఆ మందు మీకు సరిపడిందని కాదు, మీ చర్మం దానికి అలవాటు పడిపోయిందని. దీన్ని చర్మ డాక్టర్లు 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అంటారు. మన దేశంలో ఇది ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీ ట్యూబు మీద 'ఆర్ఎక్స్' గుర్తు ఉంటుంది, చూడండి. చీటీ లేకుండానే మీ చేతికెలా వచ్చిందో ఆ షాపు అతన్నే అడగాలి.

ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రైవేటు ఫీజు భారమైతే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఒక్కసారిగా మానాలా, తగ్గిస్తూ రావాలా, మధ్యలో ఎరుపు తగ్గడానికి ఇంకేదైనా వాడాలా అన్నది ఆయనే చూసి చెప్పాలి. నా మాట విని ఈ రాత్రే మానేసి, రేపు ముఖం మండుతుంటే భయపడి రెట్టింపు రాసుకోవద్దు. ఎరుపు పూర్తిగా సర్దుకోవడానికి వారాలు కాదు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యలో "ట్యూబే నయం" అనిపించే రోజులు వస్తాయి. రావడం మామూలే.

ఇక కువైట్ క్రీమ్. మీ రాయలసీమలో కువైట్ చుట్టం లేని వీధి ఉండదు కాబట్టి ఈ మాట చాలామందికి పనికొస్తుంది. తెల్లబరుస్తామని చెప్పే క్రీముల్లో, పెట్టె మీద తయారీదారు చిరునామా గానీ పదార్థాల జాబితా గానీ సరిగా లేనివాటిలో, పాదరసం కలిపినవి పట్టుబడుతూ ఉంటాయి. పాదరసం రంగునిచ్చే మెలనిన్‌ను ఆపుతుంది, అందుకే మొదట్లో బాగా పనిచేస్తున్నట్టే ఉంటుంది. కానీ అది చర్మం గుండా ఒంట్లోకి దిగి కిడ్నీల మీద పడుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన కొందరు రోగుల జబ్బుకు మూలం ఇలాంటి క్రీములేనని గుర్తించారు. పెట్టె మీద వివరాలు సరిగా లేకపోతే తెరవకుండానే పారేయండి. ఆడపడుచు అడిగితే "అయిపోయింది వదినా" అనండి, అబద్ధమేం కాదు.

ఇప్పుడు పొడిబారడం గురించి. నెలసరి అటూ ఇటూ అవుతోందన్నారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లుడిగిపోతాయి కాబట్టి మీరు సరిగ్గా ఆ దశలో ఉన్నారు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గేకొద్దీ చర్మంలో నూనె తగ్గుతుంది, తేమను పట్టి ఉంచే కొవ్వులు తగ్గుతాయి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ కూడా తగ్గుతుంది. ముట్లాగిన మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొలాజెన్‌లో ఇంచుమించు 30 శాతం పోతుందని లెక్క. ముప్పై ఏళ్లు వాడిన సబ్బే ఉన్నట్టుండి పడకపోవడానికి కారణం ఇదే. సబ్బు మారలేదు, దాన్ని తట్టుకునే చర్మం మారింది.

అలాగని అన్నీ వయసు మీదికే నెట్టకూడదు. ఒళ్లంతా పొడిబారి, జుట్టు రాలుతూ, ఊరికే నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఈ వయసు ఆడవాళ్లలో థైరాయిడ్ తక్కువై, అది తెలియక క్రీములు మారుస్తూ తిరిగేవాళ్లు బోలెడంత మంది. షుగరు కూడా చూపించుకోండి. ఆ రెండూ మామూలుగా ఉన్నాయని తెలిస్తే ఆ టెన్షన్ పోతుంది.

ఇంకొక్కటి విడదీసి చెప్పాలి. మీరు ఉత్తరంలో పొడిదనం, గీతలు, మంగు మూడూ కలిపి రాశారు. పొడిదనం సరైన పద్ధతి పడితే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. పొడిదనం వల్ల వచ్చిన సన్నగీతలు దానితోనే సగం సర్దుకుంటాయి. అసలు ముడతలకు నెలలు కావాలి, అవి కూడా పలచబడతాయే గానీ పోవు. మంగు ఎండతో ముడిపడిన వ్యవహారం, ఎండ ఆగకపోతే ఏ క్రీమూ దాన్ని ఆపలేదు. మూడింటికీ కలిపి ఒకే సీసా అమ్ముతామనేవాళ్ల దగ్గర మీ డబ్బు పారేయకండి.

మొదట మార్చాల్సింది సబ్బు. మన చర్మం పైపొర కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. కడిగిన ప్రతిసారీ ఉన్న కాస్త నూనెనీ అది ఊడ్చేస్తుంది. "మా సబ్బులో టీఎఫ్ఎం (మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం, గ్రేడ్ 1" అని కొందరు ధైర్యంగా చెబుతారు. గ్రేడ్ 1 సబ్బు గ్రేడ్ 3 కంటే మెరుగే, ఒప్పుకుంటాను. కానీ అదీ సబ్బే, దాని క్షారగుణం ఎక్కడికీ పోదు. మీకు కావాల్సింది సబ్బు కాని సబ్బు: 'సిండెట్ బార్' అనో 'సోప్ ఫ్రీ' అనో రాసి ఉంటుంది. డవ్ లాంటి బార్ కిరాణా కొట్లోనే 60, 70 రూపాయలకు దొరుకుతుంది, ముఖానికి మాత్రమే వాడితే రెండు నెలలు వస్తుంది. సెటాఫిల్ లాంటి ద్రవాలు ఇంకా మృదువు, ఖరీదు ఎక్కువ. మీ బడ్జెట్‌లో బార్ చాలు. నురగ తక్కువ వస్తే మురికి పోలేదనుకోకండి, నురగకీ శుభ్రానికీ సంబంధం లేదు.

పొద్దున లేవగానే ముఖానికి ఏ సబ్బూ అక్కర్లేదు, నీళ్లు చాలు. సాయంత్రం స్కూటీ దుమ్ము, సన్‌స్క్రీన్ పోవడానికి ఒక్కసారి బార్ వాడండి. వేన్నీళ్లు ముఖానికి తగలనివ్వకండి. గీజర్ నీళ్లు ఒంటికి హాయిగానే ఉంటాయి, పొడి చర్మానికి మాత్రం శత్రువు.

మీ జిల్లాలో ఇంకో తిరకాసుంది, బోరు నీళ్లు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర కడుతుంది చూశారా, ఆ కాల్షియమే సబ్బుతో కలిసి తెట్టులా మారి చర్మం మీద మిగులుతుంది. ఎంత కడిగినా బంకబంకగా, బిగుతుగా అనిపించడానికి సగం కారణం అదే. సిండెట్ బార్‌తో ఈ తెట్టు కట్టదు, ఉప్పు నీళ్లలోనూ బాగా పనిచేస్తుంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే చివరిసారి ఒక గ్లాసు క్యాన్ నీళ్లతో ముఖం కడుక్కోండి. పెద్ద ఖర్చు కాదు, తేడా మాత్రం తెలుస్తుంది.

రెండోది మాయిశ్చరైజర్. ఇక్కడ ఏది రాశామన్న దానికంటే ఎప్పుడు రాశామన్నది ముఖ్యం. ముఖం కడిగాక తువ్వాలుతో అద్ది, ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు రాసేయాలి. మీ వాజ్‌లైన్ ఇన్నాళ్లూ సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. వాజ్‌లైన్‌లో నీరు ఉండదు. అది తేమ ఇవ్వదు, ఉన్న తేమ ఆవిరి కాకుండా మూత వేస్తుంది. ఎండిపోయిన ముఖం మీద రాస్తే పొడిదనానికే మూత వేసినట్టు. అదే చెమ్మ మీద రాస్తే దానికి సాటివచ్చే క్రీమ్ ఇంకోటి లేదు. 1872లో అమెరికాలో పేటెంట్ పొందిన సరుకు అది, ఇవాళ్టికీ చర్మ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. పెట్రోలియం నుంచి తీసిందని భయపడేవాళ్లుంటారు. శుద్ధి చేసిన జెల్లీతో ఆ భయం అక్కర్లేదు.

కొత్తగా కొనే క్రీమ్ వెనక పదార్థాల జాబితా ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా ఉంటుంది. మొదటి ఐదారు పేర్లలో గ్లిజరిన్ ఉందా, దానికి తోడు పెట్రోలేటమ్ గానీ లిక్విడ్ పారాఫిన్ గానీ డైమెథికోన్ గానీ షియా బటర్ గానీ ఉందా చూడండి. ఒకటి తేమను పట్టి ఉంచేది, రెండోది మూత వేసేది, రెండూ ఉండాలి. సెరమైడ్లు కూడా ఉంటే ఇంకా మంచిది. అవి మన చర్మంలో సహజంగా ఉండి వయసుతో తగ్గే కొవ్వులే. సువాసన వద్దు, ముఖ్యంగా ఇప్పుడు మీ ముఖం ఉన్న స్థితిలో. 'జెల్' అని రాసినవి జిడ్డు చర్మాలకు, మీకు క్రీమ్ కావాలి. మందుల షాపుల్లో 250 నుంచి 400 మధ్య వచ్చే పెద్ద ట్యూబు ఒకటి రెండు నెలలకు సరిపోతుంది. ఇంతకంటే ఎక్కువ పెట్టినా మీకొచ్చే లాభం తక్కువ, డబ్బాకి వచ్చే అందమే ఎక్కువ.

రాత్రి ఆ క్రీమ్ రాశాక, కళ్ల పక్కన, నోటి చుట్టూ వాజ్‌లైన్ సన్నగా అద్దండి. గ్లిజరిన్ సీసా ఇంట్లో ఉంటే అలాగే చిక్కగా రాయకండి. గాలిలో తేమ లేని మీ ఊళ్లో అది చర్మంలోని నీళ్లనే పైకి లాగుతుంది. మూడొంతుల నీళ్లు కలిపి తడి చేతులకు, కాళ్లకు రాసి, పైన కొబ్బరి నూనె రాయండి. కొబ్బరి నూనె ఒంటికి చక్కగా పనిచేస్తుంది. ముఖానికి మాత్రం మొటిమలు వచ్చే తత్వం ఉంటే వద్దు.

మూడోది సన్‌స్క్రీన్. మీ 800లో సగం పైనే దీనికి పోవాలి. మిగతావన్నీ తగ్గించినా దీన్ని తగ్గించకండి. మంగు, గీతలు, నల్లబడటం మూడింటికీ ఎండ పాత్ర ఉంది. పైగా రోజూ గంటసేపు స్కూటీ మీద అనంతపురం ఎండలో తిరుగుతూ సన్‌స్క్రీన్ లేకుండా సీరం రాయడం అనవసరపు ఖర్చు. ఎస్‌పీఎఫ్ 30 చాలు, 50 ఇంకాస్త మేలు. 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం యూవీబీని (చర్మాన్ని కమిలించే ఎండ కిరణాలను) ఆపుతాయి, కాబట్టి 100 అని రాసిన దానికి అదనంగా డబ్బు పెట్టకండి. ఎస్‌పీఎఫ్ కంటే మీరు చూడాల్సింది పక్కన 'పీఏ' తర్వాత ఎన్ని ప్లస్సులు ఉన్నాయని. మూడు తగ్గకూడదు. అది యూవీఏ అనే ఇంకో రకం ఎండ కిరణాల లెక్క. ముడతలు తెచ్చేది ప్రధానంగా అదే. అది కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. క్లాసులో మీ కుర్చీ కిటికీ పక్కనుంటే కాస్త జరపండి.

మోతాదులోనే అందరం పిసినారితనం చూపిస్తాం. చూపుడువేలు, మధ్యవేలు మీద పొడవునా రెండు చారలు — ముఖానికీ మెడకీ అంత కావాలి. లెక్క వేస్తే పూటకు ఒక గ్రాము పైచిలుకు. 50 గ్రాముల ట్యూబు రోజుకోసారి అయితే 40 రోజులు వస్తుంది, సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ రాస్తే 20 రోజులే. అదే ట్యూబు మీకు నాలుగు నెలలు వచ్చిందంటే మీరు సన్‌స్క్రీన్ వాడట్లేదు, వాసన చూస్తున్నారు. 350 నుంచి 500 మధ్య మంచివే దొరుకుతున్నాయి. ఇప్పుడు మంటగా ఉన్న ముఖానికి జింక్ ఆక్సైడ్ ఉన్నది ఎక్కువ పడుతుంది. అది తెల్లగా బూడిద పూసినట్టు కనిపిస్తే, లేత రంగు కలిపిన 'టింటెడ్' రకం తీసుకోండి. ఆ రంగుకి వాడే ఐరన్ ఆక్సైడ్లు మంగుని పెంచే మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతాయి. మంగు ఉన్నవాళ్లకు అది ఉపరి లాభం.

స్కార్ఫు, పూర్తి చేతుల కోటు, చేతులకు గ్లౌజులు ఇప్పటికే వేసుకుంటూ ఉంటే మానకండి. బట్టే మొదటి సన్‌స్క్రీన్. దానికి నెలనెలా ఖర్చు లేదు.

మీ ఆయన మాట గురించి. ఇది సోకు కాదు. పొడిబారి పగిలిన చర్మం దురద పెడుతుంది, గీరుకుంటే పుండవుతుంది, అందులోంచి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. సోకే అయినా తప్పేముంది? ఆయన నెలనెలా జుట్టుకు రంగు వేయించుకుంటున్నారా, ఒకసారి లెక్క చూడండి.

ఇక ముడతలకు నిజంగా పనిచేసే మందు. ట్రెటినాయిన్. విటమిన్ ఎ నుంచి వచ్చిన ఈ మందును మొదట మొటిమలకు వాడేవారు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మ డాక్టరు, మొటిమలకని వాడుతున్న నడివయసు ఆడవాళ్ల ముఖాల్లో గీతలు తగ్గడం గమనించి 1986లో ప్రచురించాడు. (జైలు ఖైదీల మీద ప్రయోగాలు చేసి చెడ్డపేరు తెచ్చుకున్నదీ ఈయనే. మందు మంచిదైతే కనిపెట్టినవాడు మంచివాడై ఉండాలని లేదు.) 1995లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఎండ తెచ్చిన సన్నముడతలకు మందుగా అనుమతించింది. దుకాణాల్లో వందల రూపాయలకు అమ్మే రెటినాల్ సీరం దీని తమ్ముడే. చర్మంలోకి వెళ్లాక మారి మారి చివరికి ఇదే అవ్వాలి, ఆ దారిలో బలం తగ్గుతుంది. అసలు మందు 0.025 శాతం క్రీమ్ డాక్టరు చీటీ మీద రెండు మూడు వందల్లోపే దొరుకుతుంది, ఒక్క ట్యూబు నాలుగు నెలలు వస్తుంది. సీరం కంటే మందే చవకని చాలామందికి తెలీదు.

కానీ ఇప్పుడే కాదు. స్టెరాయిడ్ దెబ్బ తగ్గి, ముఖం కడిగినా బిగుసుకోకుండా, క్రీమ్ రాసినా మండకుండా ఓ నెల గడిచాక డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. మే నెల ఎండల్లో మాత్రం మొదలుపెట్టవద్దు, వానలు పడ్డాక చూడండి. వారానికి రెండు రాత్రులు, ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. పొడి చర్మం కాబట్టి ముందు మాయిశ్చరైజర్, దాని మీద ఇది, దాని మీద మళ్లీ మాయిశ్చరైజర్. కంటి రెప్పలకు, ముక్కు మూలలకు, పెదాల అంచులకు తగలకూడదు. మొదటి నెల పొట్టు రాలుతుంది, కాస్త ఎర్రబడుతుంది. ఎక్కువైతే వారానికి ఒకసారి చేయండి గానీ మొండికేసి రోజూ రాయకండి. నాలుగైదు నెలలు ఆగితే గాని అద్దంలో తేడా కనబడదు. గర్భం వచ్చే అవకాశం ఏ కొంచెం ఉన్నా దీని జోలికి పోకూడదు. నెలసరి క్రమం తప్పినంత మాత్రాన ఆ అవకాశం పోయినట్టు కాదు, ఈ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. గుర్తుంచుకోండి, మీ పాత ట్యూబులో ట్రెటినాయిన్ ఉన్నా సరే, అదే ఇదని దాన్ని వాడకూడదు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది.

అమ్మాయి పంపిన సీరంలు. పలచబడి పగిలిన చర్మం మీద ఏది రాసినా మండుతుంది, తప్పు వాటిది కాదు. నియాసినమైడ్ మంచి పదార్థమే, తేమకూ మచ్చలకూ కొంత పనికొస్తుంది, నాలుగైదు శాతం చాలు. మీ సీసా 10 శాతం అయితే ముఖం కోలుకున్నాక రెండు చుక్కలు క్రీమ్‌లో కలిపి వాడి చూడండి. విటమిన్ సి సంగతి వేరు, గాలీ వేడీ తగిలితే పాడవుతుంది. సీరం టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంటే పారేయండి. లేకపోతే అమ్మాయికే పంపేయండి, ఆమె వాడుకుంటుంది. మీ బడ్జెట్‌లో మళ్లీ కొనాల్సిన వస్తువు కాదది.

కొలాజెన్ పొడులు నీళ్లలో కలుపుకుని తాగమని ప్రకటనలు వస్తాయి. ఆ డబ్బుకి నెలంతా గుడ్లు, పప్పు, వేరుశనగలు తినండి. తెల్లబరిచే గ్లూటాథియోన్ ఇంజెక్షన్లకైతే అస్సలు ఒప్పుకోకండి.

ఆదివారం శనగపిండి, నిమ్మరసం మానేయండి. నిమ్మరసం ఘాటైన ఆమ్లం. పైగా అది రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగులుతాయి. మంగుకి మందనుకుని మంగు లాంటిదే తెచ్చుకున్నట్టవుతుంది. పిండితో గరగరా రుద్దడం జిడ్డు చర్మం ఉన్న వయసులో సాగింది. సున్నిపిండి ఒంటికి వాడతానంటే కాదనను. ముందు నువ్వుల నూనె బాగా పట్టించి, కాసేపు ఆగి, పైపైన రుద్ది కడిగే పాత పద్ధతే సరైనది. నూనె లేని నలుగు పొడి చర్మానికి పనికిరాదు.

చేతులకు, మడమలకు యూరియా క్రీమ్ అడగండి. చేతులకు 10 శాతం, పగిలిన మడమలకు 20 శాతం. రాత్రి రాసి సాక్సు వేసుకుని పడుకుంటే వారంలో తెలుస్తుంది. పుండ్లున్న చోట మండుతుంది, అక్కడ వాజ్‌లైన్ రాయండి. గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

పౌడర్ పొలుసుల్లా తేలుతుందన్నారు. పౌడర్ ఉన్న తేమనే పీల్చుకుంటుంది. మీ ముఖానికి ఇక అది వద్దు.

ఇక నుదుటి మీద నలుపు. జుట్టు మొదలయ్యే చోట, చెవుల ముందు నల్లబడుతుంటే మంగు కంటే ముందు నేను జుట్టు రంగును అనుమానిస్తాను. మీరు రంగు వేస్తారో లేదో రాయలేదు. వేస్తుంటే, ప్యాకెట్ మీద పీపీడీ అనో పారాఫినలీన్ డైఅమైన్ అనో ఉందేమో చూడండి. నల్ల హెన్నా అని అమ్మేవాటిలోనూ ఇది ఉంటుంది. అసలైన గోరింటాకు నల్లగా పండదు, ఎర్రగా పండుతుంది. కొందరికి దీనివల్ల దురద, ఎరుపు ఏమీ లేకుండానే మెల్లగా నలుపు ఎక్కుతుంది, క్రీములతో అది పోదు, రంగు మానితేనే తగ్గుతుంది. బొట్టు పెట్టుకునే చోట నలుపో తెలుపో వస్తుంటే కుంకుమనో స్టిక్కరు జిగురునో అనుమానించాలి. తెల్లమచ్చ కనిపిస్తే ఆ రోజే స్టిక్కర్లు మానేయండి. ఏది పడట్లేదో తేల్చడానికి చర్మ డాక్టర్లు వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేస్తారు. కాబట్టి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబుతో పాటు మీ డై ప్యాకెట్, కుంకుమ, స్టిక్కర్ల అట్ట కూడా సంచిలో వేసుకెళ్లండి.